మూడేళ్లు వాడిన వైన్ పంపు: నల్లగొండ ఎండల్లో ఎంతవరకు పనికొచ్చింది

మా ఇంట్లో వైన్ తాగేది నేనూ మా ఆయనా, అదీ శనివారం రాత్రి చెరో గ్లాసు. 750 ఎం.ఎల్. సీసాలో 150 చొప్పున ఐదు గ్లాసులొస్తాయి. రెండు పోను మూడు గ్లాసులు మిగులుతాయి. మా దగ్గరి వైన్ షాపుల్లో బీరు, విస్కీ ఉన్నంతగా ద్రాక్ష వైన్ ఉండదు కాబట్టి హైదరాబాద్ పోయినప్పుడే తెచ్చుకుంటాం. అంత దూరం నుంచి తెచ్చింది సింకులో పారబోయాలంటే ప్రాణం ఉసూరుమనేది. తెరిచిన సీసాలో గాలి తగిలే వైన్ పాడవుతుంది. అందుకే సీసాలోని గాలిని లాగేసే ఈ చేతిపంపు కొన్నాను. ఒక ప్లాస్టిక్ పంపు, రెండు రబ్బరు బిరడాలు.

బిరడాను సీసా మూతికి బిగించి, దాని మీద పంపు పెట్టి పదిహేను ఇరవై సార్లు లాగితే లోపలి గాలి చాలావరకు బయటికొస్తుంది. పంపు బరువెక్కి చేతికి ఎదురు తిరుగుతుంది, అదే గుర్తు. మర్నాడు బిరడా అంచు నొక్కితే 'సుస్స్' మనాలి. ఆ చప్పుడు రాలేదంటే రాత్రంతా గాలి లోపలికి పోయినట్టే.

మొదటి ఎండాకాలం, గాలి తీశాం కదా అని రెడ్ వైన్‌ను వంటింటి అల్మారాలోనే పెట్టాను. మూడో రోజుకు కోసి వదిలేసిన ఆపిల్ వాసన, గొంతులో పులుపు. పంపు గాలినంతా తీయలేదు, మిగిలిన కాస్త గాలి వేడికి తొందరగా పని చేస్తుంది. అప్పటి నుంచి రెడ్ అయినా వైట్ అయినా తెరిచిన సీసా ఫ్రిజ్‌లోనే, నిలబెట్టి. అలా పెడితే మాకు నాలుగు రోజులు బాగుంటోంది.

కానీ పంపును మించినది ఇంకొకటి దొరికింది: 375 ఎం.ఎల్. ఖాళీ చిన్న సీసా. వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, పెద్ద సీసా తెరిచిన వెంటనే, గ్లాసుల్లో పోయకముందే, దాన్ని మూతి దాకా నింపి మూత బిగిస్తాను. గాలికి చోటే ఉండదు. మిగిలిన సగంలో మా రెండు గ్లాసులు పోను అర గ్లాసు ఆదివారానికి. ఒకసారి ఒకే సీసాను సగం ఇలా, సగం పంపుతో దాచి ఆరో రోజు పక్కపక్కన పోసి చూశాను. చిన్న సీసాలోదానికి నేరేడు పండు వాసన అలాగే ఉంది. పంపు పెట్టినదాంట్లో వాసన పలచబడింది, రుచి చప్పబడింది.

నురగ వైన్‌కు మాత్రం పంపు పెట్టకండి. లోపలి గ్యాసునే లాగేస్తుంది. నేను డిసెంబర్ 31న పెట్టి, మర్నాడు గ్యాస్ పోయిన సోడా లాంటిది తాగాను. దానికి క్లిప్పుతో బిగించే బిరడా వేరే ఉంటుంది.

పోసేటప్పుడు ఒక మాట. రెడ్ వైన్‌ను రూమ్ టెంపరేచర్‌లో తాగాలనేది చలిదేశాల ఇళ్ల లెక్క, అంటే 16 నుంచి 18 డిగ్రీలు. మే నెలలో మన గదుల వేడికి అది సరిపోదు. ఫ్రిజ్‌లోంచి తీసి ఇరవై నిమిషాలు ఆగి పోస్తాను. రంజన్ నీళ్లకన్నా కాస్త చల్లగా తగిలితే చాలు. వైట్ వైన్‌కు ఐదు నిమిషాలు చాలు. గ్లాసు మూడో వంతే నింపండి, వాసనకు చోటుండాలి.

రెండో ఏడు ఒక బిరడాలో గాలి బయటికొచ్చే చీలిక వదులై గాలి ఆపడం మానేసింది. కొన్నచోట అడిగితే బిరడాలు విడిగా అమ్మరట, సెట్టంతా కొనాలట. ఇది నాకు నచ్చలేదు. రెండోదాన్ని మాత్రం చన్నీళ్లతో కడిగి నీడలో దాస్తున్నాను, ఇప్పటికీ 'సుస్స్' మంటోంది.