పాయింట్ 32 రివాల్వర్: ఉప్పుగాలిలో ఏళ్లపాటు వాడాక

భీమవరం చుట్టుపక్కల రొయ్యల వ్యాపారం నాది. చెరువులో రొయ్యలు పట్టే రోజు చాలాసార్లు చెరువు గట్టు మీదే రైతుకు డబ్బు చెల్లించాలి. ఆ సంచితో రాత్రివేళ ఆకివీడు, మొగల్తూరు వైపు రోడ్ల మీద వెళ్లాలి. అందుకే లైసెన్సు తీసుకుని, కాన్పూర్‌లో తయారైన పాయింట్ 32 రివాల్వర్ కొన్నాను. ఏళ్లుగా అదే వాడుతున్నాను.

కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్లు ముందు అడిగేది కాలిబర్ గురించే, అంటే గొట్టం లోపలి వెడల్పు. దాన్నే బోరు అనీ అంటారు. ఆ ప్రశ్నకు సగం జవాబు చట్టమే చెప్పేసింది. 9 ఎంఎం నిషేధిత బోరు, మామూలు లైసెన్సు మీద రాదు. పాయింట్ 22 వద్దంటాను. దాన్ని పేల్చే మందు తూటా అడుగు అంచులో ఉంటుంది, పాయింట్ 32కి మధ్యలో ఉంటుంది. పేలడంలో రెండోదే నమ్మకం. పాయింట్ 32 దెబ్బ 9 ఎంఎం ముందు తక్కువే, ఆ మాట నిజం. కానీ చేయి ఎగరదు. రెండో గుండు కూడా గురి తప్పకుండా వెళ్తుంది. నాకు అదే ముఖ్యం.

షాపులో ఒక జాగ్రత్త. పాయింట్ 32 అనే పేరుతో రెండు తూటాలున్నాయి. రివాల్వర్ తూటా ఇత్తడి గొట్టం పొడవు 23 మిల్లీమీటర్లు, పిస్టల్‌ది 17. ఏ ఆయుధానికో చెప్పి, పెట్టె మీద చదివి తీసుకోండి.

పిస్టల్ పల్చగా, నడుముకు హాయిగా ఉంటుంది. అయినా నా ఓటు రివాల్వర్‌కే. తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే చాలు, తర్వాతిది వస్తుంది. పిస్టల్‌కైతే స్లైడ్, అంటే పైన జరిగే భాగం, రెండో చేత్తో వెనక్కి లాగాలి. ఆ టెన్షన్‌లో రెండు చేతులూ ఖాళీగా ఉంటాయని నమ్మకం లేదు.

ఇక మన దగ్గర అసలు శత్రువు తేమ. ఎండాకాలం చెమట, వానాకాలం ముసురు, ఏడాదంతా సముద్రపు గాలి. తోలు కవరు తేమను పీల్చి ఇనుముకు అంటిస్తుంది. ఇంటికి రాగానే బయటకు తీసి, పొడిగుడ్డతో తుడిచి, పల్చగా నూనె రాయాలి. తూటాలకు మాత్రం నూనె తగలనివ్వొద్దు, మందు పాడవుతుంది. తోలు బెల్టులో రోజుల తరబడి ఉంచితే ఇత్తడికి పచ్చ చిలుము పడుతుంది. అలాంటివి నేను లోడ్ చేయను.

లోపాలూ ఉన్నాయి. ట్రిగ్గర్ గట్టిగా నొక్కాలి. పొట్టి గొట్టం కావడంతో పది గజాలు దాటితే గురి మీద ఆశ పెట్టుకోను. రోజంతా మోయడానికి బరువే. 2014లో వచ్చిన నిర్భీక్ అనే రివాల్వర్ టైటానియం మిశ్రమంతో 500 గ్రాములే ఉంటుంది, మోయడమే ముఖ్యమైతే అది చూడండి.

భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లు కొనేముందే చదవండి. ఆత్మరక్షణ హక్కు ఉంది కానీ, అవసరానికి మించి హాని చేసే హక్కు లేదు.

ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటే తోలు కవరు లేకుండా, నూనె రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. తిరిగి తెచ్చుకున్నాక గొట్టం లోపల చూసి, శుభ్రం చేశాకే తూటాలు పెట్టండి.