పాత సిమ్ మారిస్తే సిగ్నల్ పెరుగుతుందా? ఏళ్ల తరబడి వాడాక తేలింది

సిమ్ పాతబడినంత మాత్రాన సిగ్నల్ తగ్గదు. ఒకే కార్డును ఏళ్ల తరబడి ఫోన్ తర్వాత ఫోన్‌లో వేసి వాడాక గట్టిగా చెప్పగలిగే మాట ఇది. ఆ నంబరు ఎవరిదో నెట్‌వర్క్‌కు రుజువు చేయడం వరకే సిమ్ పని. టవర్ తరంగాలను అందుకునేది ఫోన్‌లోని యాంటెన్నా, మోడెమ్. మనం చూసే వీడియో సిమ్ గుండా పోదు. నెల్లూరు జిల్లా ముత్తుకూరు వైపు రొయ్యల చెరువు గట్టున నెట్ నత్తలా నడుస్తుంటే, కొత్త సిమ్ వేసినా అట్టాగే నడుస్తుంది.

నమ్మకం కుదరకపోతే కొలిచి చూడండి. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, అందులో సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ బలాన్ని చెప్పే డీబీఎం అంకె కనబడుతుంది. 4జీలో మైనస్ 90 చుట్టూ ఉంటే బాగున్నట్టు, మైనస్ 115 కంటే కిందికి పోతే కాల్ తెగడం మొదలవుతుంది. అదే కంపెనీ కొత్త సిమ్‌ను అదే ఫోన్‌లో, అదే తావున వేసి చూడండి. అంకె కొద్దిగా అటూ ఇటూ ఊగుతుంది, అది సిమ్ మహిమ కాదు.

అయితే పాతదనం వేరు, తరం వేరు. 4జీ రాకముందు ఇచ్చిన కార్డుల్లో కొన్నింటికి యూసిమ్ అనే అప్లికేషన్, అంటే చిప్పులో ఉండే చిన్న ప్రోగ్రామ్, ఉండదు. అది లేని కార్డును 4జీ నెట్‌వర్క్ చేర్చుకోదు. ఎయిర్‌టెల్ 2020లో 3జీ ఆపేశాక ఇట్టాంటి సిమ్‌లు 2జీకి పడిపోయాయి. కాల్స్ వస్తాయి, నెట్ మాత్రం 2జీ గుర్తయిన ఇంగ్లిష్ ‘ఈ’ (E) అక్షరం దగ్గర నిలబడుతుంది. బీఎస్ఎన్ఎల్ పాత సిమ్ మార్చుకోమన్నదీ ఇందుకే. దాని 4జీ 700, 2100 మెగాహెర్ట్జ్‌లలో నడుస్తుంది కాబట్టి ఫోన్‌కు ఆ 700ను అందుకునే బ్యాండ్ 28 లేకపోతే సిమ్ మార్చినా ఫలితం సగమే. 2016లో తీసుకున్న జియో సిమ్‌ను 5జీ కోసం మార్చే పనిలేదు.

మన తీరంలో అసలు తంటా కాంటాక్టులది, అంటే సిమ్ మీద ఫోన్ పిన్నులకు తగిలే బంగారు రంగు గళ్లది. మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి, చెమటకి కార్డు మీద మురికి పేరుకుంటుంది. పైన బంగారు పూత అరిగితే ఇంకా తొందరగా పాడవుతుంది. అప్పుడు సిగ్నల్ గీతలు మెల్లగా తగ్గవు. ఉన్నట్టుండి ‘నో సిమ్’ అని వస్తుంది, ఫోన్ తడితే మళ్లీ సర్దుకుంటుంది. ఫోన్ ఆపి ట్రే తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడిచి, బాగా ఆరాక వేయండి. ఉప్పుకాగితం జోలికి పోవద్దు, పూత లేచిపోతుంది. పెద్ద సిమ్‌ను కత్తిరించి నానోగా వాడేవాళ్లు ఒకటి గమనించాలి: పాత కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు, నానోది 0.67. ఆ కాస్త తేడాకే ట్రే ఇరుక్కుని, లోపలి పిన్నులు వంగుతాయి. దానికంటే కొత్త కార్డు తీసుకోవడం మేలు.

మార్చాలనుకుంటే ముందు సిమ్‌లో దాచిన నంబర్లను ఫోన్‌లోకి కాపీ చేసుకోండి. కొత్తది పనిచేయడం మొదలయ్యాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు. ఓటీపీ అందదు, యూపీఐ యాప్ మళ్లీ ధ్రువీకరణ అడిగితే అదీ ఆగుతుంది. రొయ్యల మేత లోడుకు డబ్బు పంపాల్సిన రోజున ఈ పని పెట్టుకోవద్దు. వేరే కంపెనీకి పోర్ట్ అవుదామన్నా 7 రోజులు ఆగాలి. పాత కార్డు నెట్‌వర్క్‌కు పనికిరాకపోయినా అందులోని నంబర్లు చెరిగిపోవు కాబట్టి, చిప్పు మధ్యకు కత్తిరించి పారేయండి.