7 ఔన్సుల ఎంఎంఏ స్పారింగ్ గ్లవ్స్: అన్ని స్టైల్స్ కలిపి ఆడేవాళ్ళకి నా రివ్యూ

కరాటే నేర్చుకుని, తర్వాత కొంచెం బాక్సింగో ముయే థాయో జూడోనో పట్టి, ఇప్పుడు అవన్నీ కలిపి ఎంఎంఏ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) స్పారింగ్, అంటే ప్రాక్టీస్ ఫైట్, చేద్దాం అనుకునేవాళ్ళు మౌత్‌గార్డ్, గ్రోయిన్ గార్డ్ తర్వాత వెంటనే కొనాల్సింది ఈ 7 ఔన్సుల గ్లవ్సే. నేను వాడేది ఆన్‌లైన్‌లో రెండున్నర వేలకి తీసుకున్న జత, పైన సింథటిక్ లెదర్, పిడికిలి మీద మందంగా ఫోమ్, అరచెయ్యి ఓపెన్, వేళ్ళు బయటికి, బొటనవేలికి విడిగా ప్యాడింగ్, మణికట్టుకి చుట్టూ తిరిగే వెల్క్రో. కంపెనీ పేరు రాయట్లేదు, నేను చెప్పాలనుకుంటున్నది బ్రాండ్ గురించి కాదు, ఈ సైజు గ్లవ్ గురించి.

ముందు బరువు సంగతి. యూఎఫ్‌సీ అనే ఎంఎంఏ పోటీల సంస్థ ఫైట్లలో మామూలుగా వేసుకునేవి 4 ఔన్సులు, అంటే దాదాపు 113 గ్రాములు. బాక్సింగ్ జిమ్‌లో పెద్దవాళ్ళకి స్పారింగ్‌కి ఎక్కువగా ఇచ్చేవి 16 ఔన్సులు, 450 గ్రాముల పైనే. ఈ 7 ఔన్సులవి 200 గ్రాముల దగ్గర ఉంటాయి. 4 ఔన్సులతో రోజూ స్పారింగ్ చేస్తే ముఖం మిగలదు, 16తో చేస్తే పట్టు దొరకదు.

ఆ పట్టు ఎందుకంత ముఖ్యం అంటే, స్టైల్స్ కలపడం అనగానే చాలామంది ఒక రౌండ్‌లో రెండు కరాటే కిక్కులు, నాలుగు బాక్సింగ్ పంచులు, చివర్లో ఒక జూడో త్రో వేసేస్తే చాలనుకుంటారు, కానీ నా లెక్కలో ఒక స్టైల్ ఆగిపోయే చోట ఇంకోటి అందుకునే ఆ అర సెకనులోనే మొత్తం ఉంది. మనవాళ్ళలో స్కూల్ రోజుల నుంచి పాయింట్ కరాటే ఆడినవాళ్ళు బోలెడుమంది కదా, దూరంగా పక్కకి తిరిగి నిలబడి ఒక్క దూకుతో లోపలికొచ్చి గ్యాకు జుకి (వెనక చేతి సూటి పంచ్) కొట్టి బయటికెళ్ళిపోతారు. అది ఎంఎంఏలో కూడా పనిచేస్తుంది, కరాటే నుంచి ఎంఎంఏకి వచ్చిన లియోటో మచీదా, స్టీఫెన్ థాంప్సన్ ఫైట్లు చూస్తే తెలుస్తుంది. కాకపోతే పాయింట్ కరాటేలో పంచ్ పడగానే రెఫరీ యమే అని ఆపేస్తాడు, ఇక్కడ ఆపేవాళ్ళు లేరు, దెబ్బ తిన్నవాడు వెంటనే మీదపడి పట్టేసుకుంటాడు. బాక్సింగ్ గ్లవ్స్‌తో ఆ క్లించ్ చేస్తే చేతులకి దిండ్లు కట్టుకుని అన్నం కలిపినట్టు ఉంటుంది, ఇద్దరూ కాసేపు తోసుకుని విడిపోతారు అంతే.

ఈ గ్లవ్స్‌తో అయితే గ్యాకు జుకి వేసిన కుడి చెయ్యిని నడుము దగ్గరికి లాక్కోకుండా అలాగే అవతలివాడి మెడ వెనక్కి పోనిచ్చి పట్టుకుని, ఎడమ చేత్తో వాడి కుడి మోచెయ్యి కిందికి లాగి, బరువు వాడి కుడి కాలి మీదకి రాగానే ఒసోటో గారి (ఆ కాలిని బయటి నుంచి వెనక్కి ఊడ్చి పడేసే జూడో త్రో) పెట్టొచ్చు. పంచ్ వేసిన చెయ్యి ఖాళీగా తిరిగి రాకూడదని మా కోచ్ సార్ రోజూ అరుస్తుంటారు, ఆ మాట చేతిలో వేళ్ళు ఆడితేనే అర్థమవుతుంది. కిక్ పట్టుకోవడం కూడా అంతే, పెద్ద గ్లవ్స్‌తో కాలిని చంకలో ఇరికించుకోవాలి, వీటితో మడమ పట్టేసి నిలబడ్డ కాలిని అషి బరాయ్‌తో, అంటే పాదంతో, ఊడ్చెయ్యొచ్చు (పార్ట్‌నర్‌ని మెల్లగా దించండి, తల వెనక భాగం నేలకి తగలకూడదు).

ఇంకో మార్పు గార్డులో, అంటే చేతులతో ముఖం కాచుకోవడంలో వస్తుంది. 16 ఔన్సులవి చెవుల దగ్గర పెట్టుకుని ముడుచుకుంటే సగం ముఖం కప్పేస్తాయి, వీటితో అలా దాక్కుంటే సందులోంచి జాబ్ (ముందు చేతి సూటి పంచ్) వచ్చి ముక్కు మీద పడుతుంది, అందుకని చేత్తో పక్కకి తట్టడం, అడుగు మార్చడం తప్పనిసరిగా అలవాటవుతుంది.

గ్లవ్ ఎలా ఉంటే ఆట అలా మారుతుంది అని నేను గట్టిగా నమ్ముతా. చైనా వాళ్ళ సాండా అనే పంచులు, కిక్కులు, త్రోలు కలిసిన ఆటలో బాక్సింగ్ గ్లవ్స్‌తోనే త్రోలు వేస్తారు, అందుకే అక్కడ కాలు పట్టి పడేయడం, నడుము పట్టి ఎత్తేయడం ఎక్కువ కనపడతాయి. జపాన్‌లో అజుమా తకాషి 1981లో మొదలుపెట్టిన దైడో జుకు, అంటే ఇప్పటి కుడో, క్యోకుషిన్ కరాటేనీ జూడోనీ కలిపింది, వాళ్ళు ముఖానికి పారదర్శకమైన షీల్డ్ ఉన్న హెల్మెట్ పెట్టి, చేతులు పట్టుకి వీలుగా ఉంచేశారు. యూఎఫ్‌సీ 1993లో మొదలైనప్పుడు గ్లవ్స్ తప్పనిసరి కాదు, 1997లో యూఎఫ్‌సీ 14 నుంచి అందరికీ తప్పనిసరి చేశారు.

ఇక ఇబ్బందులు. వేళ్ళు బయటే ఉంటాయి కాబట్టి కళ్ళల్లో పొడుచుకునే ప్రమాదం నిజంగా ఉంది, చెయ్యి ముందుకి చాపి దూరం కొలిచే అలవాటున్నవాళ్ళు పిడికిలి బిగించే చాపాలి, ఇందులో మొహమాటం వద్దు, పార్ట్‌నర్ చేస్తుంటే రౌండ్ ఆపి చెప్పండి. రెండోది, 7 ఔన్సుల ఫోమ్ చూసి మోసపోవద్దు, తలకి గట్టిగా కొట్టుకోవడానికి ఇవి కావు. మా దగ్గర రూల్ ఏంటంటే ఇవి వేసుకుంటే ముఖం మీద తాకించడమే, ఒంటి మీద కొంచెం బరువుగా వెయ్యొచ్చు, గట్టి బాక్సింగ్ రౌండ్లు కావాలంటే 16 తగిలించుకోవాల్సిందే. అంటే రెండు జతలూ ఉండాలి, ఖర్చే, కానీ తలకాయ విషయంలో పొదుపు చెయ్యొద్దు.

నా జతకి బొటనవేలి దగ్గర కుట్టు తొందరగానే ఊడింది, చెప్పులు కుట్టే అతనితో నైలాన్ దారం వేయిస్తే ఇప్పటికీ గట్టిగా ఉంది. వైజాగ్ ఉక్కపోతలో చెమటకి లోపలి లైనింగ్ త్వరగా ఆరదు, బ్యాగులో వదిలేస్తే మర్నాటికి కంపే, ఇంటికి రాగానే వెల్క్రో మొత్తం విప్పి పేపర్ కుక్కి ఫ్యాన్ కింద పెట్టండి, ఎండలో పెడితే పైన పొర పగులుతుంది. వీటితో పాటు షిన్ గార్డ్స్ కొంటే సాక్స్ లాగా ఎక్కించుకునే రకం తీసుకోండి, వెనక పట్టీలుండే థాయ్ రకం కింద పడి దొర్లేటప్పుడు జారిపోతాయి, పట్టీలు పార్ట్‌నర్‌ని గీరేస్తాయి.

సైజుకి అరచెయ్యి చుట్టుకొలత టేపుతో కొలవండి, లోపల హ్యాండ్ రాప్ (చేతికి చుట్టే గుడ్డ పట్టీ) వేసుకునేవాళ్ళు రాప్‌తోనే కొలవాలి. వేసుకున్నాక పిడికిలి పూర్తిగా మూసుకోవాలి, వేళ్ళ మధ్య కుట్టు ఒరుసుకోకూడదు. రెండు సైజుల మధ్య డౌట్ ఉంటే చిన్నదే తీసుకోండి, వాడేకొద్దీ ఫోమ్ వదులవుతుంది.