మోకాలి ఆపరేషన్ తర్వాత నెల రోజులు: కొండాపూర్‌లో ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్

సంక్రాంతి వెళ్ళాక అమ్మకు కుడి మోకాలి మార్పిడి శస్త్రచికిత్స చేయించడానికి రాజమహేంద్రవరం దగ్గరి మా ఊరి నుంచి హైదరాబాదు వచ్చాము. ఆసుపత్రిలో ఉండవలసింది నాలుగైదు రోజులే అయినా, రెండు వారాలకు కుట్లు తీయాలి, వారానికి ఐదు రోజులు ఫిజియోథెరపీ చేయించాలి, నెల చివర సర్జన్ మళ్ళీ చూడాలి. ఇంతలో ఊరికి వెళ్ళి రావడం కుదరని పని. మేనమామ గారి ఇల్లు ఉప్పల్‌లో ఉంది, రమ్మని పట్టుబట్టారు కూడా. కానీ ఆసుపత్రి గచ్చిబౌలి వైపు కావడం వల్ల రోజూ నగరాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు దాటవలసి వస్తుంది. పైగా వాళ్ళ ఇంట్లో కమోడ్ లేదు. అందుకే నెల రోజులకు సర్వీస్ అపార్ట్‌మెంట్, అంటే సామానుతో సహా రోజుల లెక్కన అద్దెకిచ్చే ఫ్లాటు, తీసుకున్నాము. మేము దిగిన చోటి పేరు రాయడం లేదు. అక్కడ చూసిన లోపాలు ఆ ఒక్క చోటివే కావు, వెతుకులాటలో మిగతా చోట్లా కనిపించాయి. ఇలాంటి అవసరంతో నగరానికి వచ్చేవారికి ఏం చూసుకోవాలో తెలియడమే ముఖ్యమని నా ఉద్దేశం.

మామూలు ఫ్లాటు అద్దెకు తీసుకుంటే చవక కదా అని నాన్నగారు మొదట అన్నారు. ఇక్కడ ఇళ్ళ యజమానులు సాధారణంగా 11 నెలల ఒప్పందం అడుగుతారు. ఏడాదికి మించిన కౌలు పత్రాన్ని రిజిస్టర్ చేయించాలన్న నియమం వల్ల ఆ పదకొండు నెలల అలవాటు వచ్చిందంటారు. నెలకోసం ఇల్లు ఇచ్చేవారు దొరికినా మంచం, ఫ్రిజ్, పొయ్యి, గిన్నెలు అన్నీ మనమే సమకూర్చుకోవాలి. హోటల్ గదిలో వంట కుదరదు. నెల రోజులు బయటి తిండి తిని కోలుకునే వయసు అమ్మది కాదు.

బుక్ చేసే ముందు మూడు చోట్లకు స్వయంగా వెళ్ళి చూశాను. అలా వెళ్ళకపోయి ఉంటే పెద్ద పొరపాటు జరిగేది. మాదాపూర్‌లో చూసిన మొదటి ఫ్లాటు ఫొటోల్లో ఎంతో బాగుంది, లిఫ్ట్ ఉందని కూడా రాశారు. తీరా వెళితే పార్కింగ్ నుంచి లిఫ్ట్ తలుపు దాకా ఆరు మెట్లు ఎక్కాలి. హైదరాబాదులో చాలా అపార్ట్‌మెంట్లలో ఇదే కట్టడం. మామూలు మనిషికి ఆ ఆరు మెట్లు కంటికి కూడా ఆనవు, వాకర్ పట్టుకున్న మనిషికి మాత్రం అవి దాటలేని గోడ. గచ్చిబౌలిలోని రెండో చోట వంటగది అన్నది ఒక కెటిల్, ఒక మైక్రోవేవ్ ఉన్న అలమర మాత్రమే. మూడోది కొండాపూర్‌లో బొటానికల్ గార్డెన్‌కు దగ్గరలో, ప్రధాన రహదారికి రెండు సందుల లోపల ఉన్న ఐదంతస్తుల భవనం. కారు నేరుగా లిఫ్ట్ ముందు ఆగుతుంది, మధ్యలో మెట్టు లేదు. కరెంటు పోతే జనరేటర్ వేస్తారా అని అడిగినప్పుడు మేనేజరు ఉత్తమాటగా సరే అనకుండా, మెయిన్ ఆపించి లిఫ్ట్ నడిపి చూపించాడు. రెండు పడక గదుల ఆ ఫ్లాటును అక్కడే ఖాయం చేసుకున్నాను.

ఫ్లాటులో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది స్నానాల గది, తప్పు కొంత నాదే. చూడడానికి వెళ్ళినప్పుడు టేపు తీసుకెళ్ళి తలుపు వెడల్పు కొలిచాను. రెండున్నర అడుగులు ఉంది, వాకర్ పడుతుందని సంతోషించాను. నీళ్ళు బయటికి రాకుండా కట్టిన మూడంగుళాల గట్టును మాత్రం చూసి కూడా లెక్కలోకి తీసుకోలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన మొదటి రాత్రి అమ్మ ఆ గట్టు దగ్గర వాకర్‌తో నిలబడి, ‘అమ్మాయీ, ఇది ఎలా దాటను?’ అని అడిగినప్పుడు నాకు చెమటలు పట్టాయి. మర్నాడు ఫిజియోథెరపిస్టు వచ్చి దగ్గరుండి నేర్పించారు: ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు. అది ఒంటబట్టడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ రాత్రి పూట నేనో నాన్నగారో మేలుకొనే ఉన్నాము.

కమోడ్ విషయం కూడా అంతే. మన ఇళ్ళలో బిగించే కమోడ్లు మామూలుగా పదిహేను, పదహారు అంగుళాల ఎత్తు ఉంటాయి, కొత్త మోకాలితో అంత కిందికి కూర్చుని లేవడం నరకం. గోడకు పట్టుకునే కడ్డీ బిగించమని అడిగితే టైల్స్ పగులుతాయని యజమాని ఒప్పుకోలేదు. కమోడ్ మీద అమర్చే, రెండు వైపులా చేతిపిడులున్న నాలుగంగుళాల రైజర్‌ను సర్జికల్ షాపులో కొన్నాక ఆ కష్టం తీరింది. పెద్దవాళ్ళ ఆపరేషన్ కోసం వచ్చే కుటుంబాలు గచ్చిబౌలి, కొండాపూర్ ప్రాంతానికి ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. అలాంటివారికి ఫ్లాట్లు ఇచ్చే యజమాని ఒక్క స్నానాల గదికైనా గట్టు తీయించి కడ్డీలు బిగించకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

గదుల్లోని సామాను మీద పెద్ద ఫిర్యాదు లేదు. అయితే అవి ఆఫీసు పని మీద వచ్చే యువకుల కోసం ఎంచినవని తెలిసిపోతుంది. సోఫా మరీ కిందికి ఉంది, పరుపు కూర్చుంటే దిగబడుతుంది, భోజనాల బల్ల దగ్గరి కుర్చీలకు చేతులు లేవు. అడిగిన రోజే మేనేజరు గట్టి పరుపు మార్పించి, ఆఫీసు గదిలోని చేతుల కుర్చీ పైకి పంపాడు. జారతాయని చెబితే నేల మీది చిన్న తివాచీలన్నీ తీయించాడు. రోజు విడిచి రోజు శుభ్రం చేయడానికి వచ్చే ఆమె, అమ్మ మంచం మీద ఉన్న వేళ చూసి తడిగుడ్డ పెట్టేది, ఆరే దాకా గుమ్మంలోనే నిలబడేది. ఎవరూ చెప్పకుండానే ఆమె చూపిన ఆ శ్రద్ధకు మేము ఎప్పటికీ రుణపడి ఉంటాము.

ఫ్రిజ్ గురించి ఒక మాట చెప్పాలి. చాలా సర్వీస్ అపార్ట్‌మెంట్లలో మంచు గడ్డకట్టే అర లేని చిన్న ఫ్రిజ్ పెడతారు. మోకాలికి రోజుకు నాలుగైదుసార్లు ఐస్ ప్యాక్ పెట్టాలి కాబట్టి విడిగా ఫ్రీజర్ ఉన్న పెద్ద ఫ్రిజ్ కావాలని ముందే అడిగాను. ఇక్కడ ఉన్నది అదే కావడం మా అదృష్టం.

వంటగదిలో ఉన్నది ఇండక్షన్ పొయ్యి, గ్యాస్ ఇవ్వరు. ఊరి నుంచి అమ్మ పట్టుబట్టి తెచ్చిన అల్యూమినియం కుక్కరూ గిన్నెలూ దాని మీద వేడెక్కలేదు. అడుగు భాగంలో ఇనుము ఉండి అయస్కాంతం అతుక్కునే పాత్రలకే ఆ పొయ్యి పనిచేస్తుంది. ఊళ్ళో బయలుదేరే ముందు ఫ్రిజ్ మీది అయస్కాంతం బొమ్మ తీసి గిన్నె అడుగున ఆనించి చూసి ఉంటే ఆ మోత తప్పేది. ఇండక్షన్ అడుగున్న స్టీలు కుక్కరు ఒకటి కొనుక్కున్నాము. మిక్సీ జాబితాలో లేదు, అడిగితే ఇంకో ఫ్లాటు నుంచి తెచ్చి ఇచ్చారు. ఆ తర్వాత ఇక వెలితి లేదు. నాన్నగారు ఆదివారం కూకట్‌పల్లి రైతు బజారుకు వెళ్ళి వారానికి సరిపడా కూరగాయలు, గోంగూర తెచ్చేవారు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పప్పు, పచ్చడి, గడ్డ పెరుగు, ఇంటి భోజనం జరిగిపోయింది. ఆపరేషన్ తర్వాత నోరు సహించక వారం రోజులు సరిగా తినని అమ్మ, గోంగూర పచ్చడి నూరిన రోజున రెండోసారి అన్నం వడ్డించుకుంది. ఆ రోజుతో ఫ్లాటు అద్దె గిట్టిందనిపించింది.

నేను ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకున్నాను, వైఫై ఒక్కసారి తప్ప ఆగలేదు. నీళ్ళకు జలమండలి (నగర నీటి సరఫరా సంస్థ) కనెక్షనూ బోరూ రెండూ ఉన్నాయి, తాగడానికి క్యాన్లు తెప్పించుకున్నాము.

శబ్దం గురించి మాత్రం ముందే హెచ్చరించి ఉండవలసింది. పక్క స్థలంలో సెల్లార్ తవ్వుతున్నారు. ఈ నగరం కింద ఉన్నది ఎక్కువగా గ్రానైట్ రాయి, రాయి తొలిచే యంత్రం పొద్దున ఏడింటికి మొదలైతే కిటికీ అద్దాలు అదిరేవి. నేను ఫ్లాటు చూడడానికి వెళ్ళింది ఆదివారం, ఆ రోజు పని ఆపి ఉన్నారు. మేనేజరు నోరు విప్పలేదు. మూడో రోజు గట్టిగా అడిగాక వెనక వైపు ఫ్లాటు ఇస్తామన్నారు, కానీ అప్పటికి అమ్మను మళ్ళీ కదిలించే ధైర్యం మాకు లేకపోయింది. చూడడానికి వెళ్ళేవారు పని రోజున, పగటి పూట వెళ్ళాలి.

కొండాపూర్‌కు గానీ గచ్చిబౌలికి గానీ మెట్రో లేదు, నీలి లైను రాయదుర్గంతో ఆగిపోతుంది. ఆసుపత్రికి క్యాబే దిక్కు. నాలుగైదు కిలోమీటర్ల దూరమే అయినా ఐటీ ఉద్యోగులు ఆఫీసులకు వెళ్ళే వేళ ఆ దూరానికి ముప్పావుగంట పట్టిన రోజులున్నాయి. ఫిజియోథెరపీ సమయాన్ని మధ్యాహ్నం పన్నెండుకు మార్పించుకున్నాక పావుగంటలో చేరేవాళ్ళం. అద్దె తక్కువని దూరంగా తీసుకుంటే ఆదా అయ్యేదంతా క్యాబులకూ, అంతకు మించి రోగి ఓపికకూ ఖర్చవుతుంది.

ఇక డబ్బు లెక్క. ఆన్‌లైన్‌లో రోజుకు 3,200 రూపాయలని ఉంది, నెలకు 96,000 అవుతుంది. నెల రోజుల బస అని చెప్పి నేరుగా మాట్లాడితే 62,000కు ఒప్పుకున్నారు, డిపాజిట్ 20,000. బేరం ఆడడానికి మొహమాట పడవద్దు. నెల పాటు ఖాళీ లేకుండా నిండే ఫ్లాటుకు వాళ్ళు సంతోషంగా తగ్గిస్తారు. చివరి బిల్లులో మాత్రం రెండు పొరపాట్లు దొరికాయి. జీఎస్టీ 12 శాతం వేశారు. రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి అది 5 శాతమే. చూపించిన వెంటనే సరిదిద్దారు, మాకు 4,340 రూపాయలు మిగిలాయి. కరెంటుకు యూనిట్ 12 రూపాయల చొప్పున విడిగా కట్టాలన్నది ముందే ఒప్పుకున్నదే, కానీ 240 యూనిట్లని రాశారు. దిగిన రోజు నేను మీటరు ఫొటో తీసి పెట్టుకున్నాను, దాని ప్రకారం కాలినవి 178. మాకంటే ముందు ఉన్నవారి వాడకం మా ఖాతాలో పడింది. చలికాలం కావడంతో ఏసీ ఊసే లేదు, ఖర్చంతా గీజర్‌దీ పొయ్యిదీ. రెండు కిలోవాట్ల గీజర్ అరగంట వేస్తే ఒక యూనిట్ కాలుతుంది. నెల పాటు ముగ్గురికి వేడినీళ్ళంటే ఆ లెక్క చిన్నది కాదు. ఆ ఫొటో లేకపోతే వాళ్ళు రాసిందే కట్టి వచ్చేవాళ్ళం. ఎవరూ కావాలని మోసం చేశారని నేను అనుకోను, అయితే అతిథి దిగేటప్పుడు రీడింగ్ రాసి ఇద్దరూ సంతకం పెట్టే పద్ధతి ఉండి తీరాలి. దిగేటప్పుడు అడిగిన గుర్తింపు పత్రాలకు ఆధార్ చివరి నాలుగు అంకెలే కనిపించే ప్రతిని ఇచ్చాము, అభ్యంతరం చెప్పలేదు. డిపాజిట్ ఐదో రోజున పూర్తిగా తిరిగి వచ్చింది.

మూడో వారం చివర అమ్మ వాకర్ వదిలి చేతికర్ర మీదికి వచ్చింది. ఒక సాయంత్రం బొటానికల్ గార్డెన్‌కు తీసుకెళ్ళి, బెంచీ నుంచి బెంచీకి ఆగుతూ, కాసేపు నడిపించాము. ఆసుపత్రికి దగ్గరగా ఉండడం, మెట్లు లేని లిఫ్ట్, వండుకునే వీలు, చెబితే వినే మనుషులు, వీటికోసం ఈ చోటును మంచి బస అనే చెబుతాను. స్నానాల గదికీ బిల్లు పద్ధతికీ మాత్రం మార్కులు వేయలేను.

ఎడమ మోకాలికి కూడా ఆపరేషన్ తప్పదని సర్జన్ చెప్పారు, దసరా తర్వాత చేయిస్తాము. అప్పుడూ ఇక్కడికే వస్తామని మేనేజరుతో చెప్పి, మూడు షరతులు కాగితం మీద రాసి ఇచ్చాను: వెనక వైపు ఫ్లాటు, గట్టు తీసేసిన స్నానాల గది, దిగిన రోజున మీటరు రీడింగ్ మీద ఇద్దరి సంతకాలు. మొదటిదానికీ మూడోదానికీ అప్పటికప్పుడే సరే అన్నాడు. గట్టు సంగతి యజమానిని అడిగి చెబుతానన్నాడు. కమోడ్ రైజర్ ఈలోగా వచ్చేవాళ్ళకు పనికొస్తుందని అమ్మ దాన్ని అక్కడే ఉంచేయమంది.