జాక్ రస్సెల్ కుక్కని ఈ డాగ్ బోర్డింగ్‌లో వదలొచ్చా? మొయినాబాద్ వైపు, సంక్రాంతి టైమ్ రివ్యూ

నాలుగు స్టార్లు ఇస్తున్నా. స్విమ్మింగ్ పూల్, ఏసీ రూమ్, బర్త్‌డే ఫోటోషూట్ చూసి బోర్డింగ్ (ఊరెళ్లేటప్పుడు కుక్కని వదిలే చోటు) సెలెక్ట్ చేస్కునేవాళ్లకి ఈ రివ్యూ పెద్దగా పనికిరాదు, నేను చూసేది ఒక్కటే, మావాడు తప్పించుకుపోకుండా ఉండాలి. మావాడంటే పటాస్, జాక్ రస్సెల్ టెర్రియర్, బరువు ఆరు కిలోలే గానీ అపార్ట్‌మెంట్‌లో లాబ్రడార్ ఎదురొచ్చినా వెనక్కి తగ్గడు.

ఇక్కడ నాకు నచ్చింది ఫెన్సింగ్. బ్రీడ్ పేరు వినగానే అక్కడి మేడం ఆఫీస్ రూమ్‌లో కూర్చోబెట్టకుండా "ముందు వెనక వైపు చూద్దాం రండి సార్" అని తీస్కెళ్లారు. జాలీ నేల దగ్గర ఆగిపోలేదు, కింద ఓ అడుగున్నర లోపలి వైపుకి వంచి మట్టిలో పూడ్చి పైన షాబాద్ బండలు పరిచారు, అంటే కంచె పక్కన ఎక్కడ తవ్వినా గోరుకి బండే తగుల్తది. గేటు కూడా డబుల్, ఒకటి మూస్తేనే ఇంకోటి తీస్తారు. సిటీలో నేను చూసిన చాలా చోట్ల గోడ ఎత్తు గురించి చెప్తారు తప్ప కింద సంగతి ఎవరూ ఎత్తరు.

అసలు ఈ జాతిని తయారు చేసిందే నక్క బొరియల్లోకి పంపడానికి. ఇంగ్లండ్‌లో డెవాన్ వైపు పాస్టర్‌గా పనిచేసిన జాన్ రస్సెల్ అనే ఆయన 1819లో ట్రంప్ అనే ఆడకుక్కని కొని మొదలుపెట్టిన లైన్ ఇది. బొరియలోకి దిగాక యజమాని కేకలు వినపడవు కదా, లోపల ఏం చెయ్యాలో కుక్కే డిసైడ్ చేస్కోవాలి, అట్లాంటిదాన్ని తెచ్చి హైదరాబాద్‌లో త్రీ బీహెచ్‌కే ఫ్లాట్‌లో పెట్టి పిలిస్తే రావట్లేదు అంటే ఎట్లా. ఉడత కనిపిస్తే మా పటాస్‌కి పేరు కూడా గుర్తుండదు. అందుకే లీష్ లేకుండా బయట వదలొద్దని గట్టిగా చెప్పి వచ్చా, వాళ్లూ గ్రౌండ్ దాటితే లాంగ్ లైన్ (పొడుగు తాడు) కట్టే తిప్పారు, ఆ ఏరియాలో నెమళ్లు ఎక్కువ మరి.

మొదట చిన్న కుక్కల బ్యాచ్‌లో వేశారట, షిట్జులని ఉరికించి ఉరికించి ఏడిపించాడు. అప్పుడు అక్కడ చూస్కునే అన్న వీణ్ణి విడిగా తీస్కెళ్లి ఓ మూల ఇసుక కుప్ప పోసి అందులో బిస్కెట్లు, కొబ్బరి పీచు పాతిపెట్టి వదిలాడు. వీడియో పంపారు, ముక్కు నిండా ఇసుక, తోక మాత్రమే పైకి కనిపిస్తుంది. ఫోన్ చేస్తే ఆ అన్న అన్నది, "సార్, మీవోడు చెప్తే ఇనే రకం కాదు, వానికి పని చూపియ్యాలె, పని అయిపోతే వాడే పంటడు". ట్రైనర్ క్లాసులకి డబ్బులు పోశాను గానీ ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదు.

వ్యాక్సిన్ కార్డ్ కూడా ఊరికే తిరగేసి ఇచ్చెయ్యలేదు, రేబీస్‌తో పాటు లెప్టో డోస్ డేట్ వెతికి చూశారు. పందికొక్కుల్ని పట్టే కుక్కకి అది ఏటా వేయించాల్సిందే, ఎలుకల మూత్రంతో వచ్చే జబ్బు అది. గోమార్ల టాబ్లెట్ వేయించకుండా లోపలికి రానివ్వరు. పాము సంగతి మాత్రం నేనే అడిగా, ఫామ్ ఏరియా కదా, టెర్రియర్ పాముని చూసి పారిపోదు, మీద పడ్తది. రాత్రి టార్చ్‌తో గ్రౌండ్ చూశాకే వదులుతామన్నారు, యాంటీవెనమ్ ఎక్కడ దొరుకుతుందో ఆ డాక్టర్ నంబర్ గోడ మీద రాసి ఉంది. మీరు ఎక్కడ వదిలినా ఈ ప్రశ్న అడగండి.

ఇక చిరాకు పెట్టినవి. పండగ రేట్ అని రోజుకి మూడొందలు ఎక్స్‌ట్రా, సరే అనుకున్నా. జనవరి చలిలో ఏసీ ఛార్జ్ ఏంది? అడిగితే "ప్యాకేజ్‌లో ఉంది సార్" అంతే. స్నానం వద్దని ఫామ్‌లో రాసిచ్చినా సెంటు షాంపూతో కడిగి పంపారు, ఇంటికొచ్చాక పొట్ట దగ్గర గోక్కుంటూనే ఉన్నాడు. పికప్ వ్యాన్ చెప్పిన టైమ్‌కి రాదు, మీరే వెళ్లి దింపుకోండి.

వేసవిలో ఇంకా వదల్లేదు, గ్రౌండ్‌లో చెట్లు తక్కువ, మధ్యాహ్నం లోపలే ఉంచుతారో లేదో అడిగి తేల్చుకున్నాకే బుక్ చేస్తా. లాబ్రడార్, షిట్జు ఉన్నవాళ్లు ఇంత దూరం పోనక్కర్లేదు, ఈ డబ్బుకి సిటీలోనే దొరుకుతాయి. టెర్రియర్ ఉన్నవాళ్లు మాత్రం దసరాకి కావాలంటే ఇప్పుడే ఫోన్ చేస్కోండి, ఆ ఇసుక కుప్ప ఉన్న చోటు ఒక్కటే ఉంది.