జాబ్ కార్డు మీది నాన్న ఫోటో పెద్దది చేయిస్తే ఎలా వస్తుంది?

కూలి చేసి బతికిన మనిషికి మిగిలే ఫోటో చాలాసార్లు ఒక్కటే: ఉపాధి హామీ జాబ్ కార్డు మీదో, పాసుబుక్కు మీదో. దాన్ని పటం కట్టించుకునేలా పెద్దది చేసే స్టూడియో సేవ పనికొచ్చేదే, అడగాల్సినవి అడిగితే.

ఫోన్‌తో ఫోటో తీసి పంపమంటే ఒప్పుకోకండి, వెలుగు మెరుపు పడుతుంది. స్కానర్ మీద 1200 డీపీఐలో, అంటే అంగుళానికి 1200 చుక్కల చొప్పున, తీయమనండి. 35×45 మిల్లీమీటర్ల ఫోటోకి అప్పుడు 5×7 అంగుళాల ప్రింటు శుభ్రంగా వస్తుంది. 12×18 అడిగితే మసకే. అద్దానికి అతుక్కున్న ఫోటోను పీకితే ముఖమే ఊడొస్తుంది, అద్దంతో పాటే స్కాన్ చేయించాలి.

అసలు తంటా ఏఐ యాప్‌తో వస్తుంది. ఎండకు కాలిన చర్మాన్ని నున్నగా చేసి, ముడతలు చెరిపి, కళ్లు మార్చేస్తుంది, ఇంట్లోవాళ్లే గుర్తుపట్టలేరు. చెంప మీద పడిన ఆఫీసు ముద్ర గుర్తును కంప్యూటర్‌లో చేత్తో దిద్ది తీయడం బాగా కుదురుతుంది, కంటి మీద పడితే మాత్రం అక్కడ దిద్దేది ఊహే. ప్రింటుకు ముందు అమ్మకో పెద్దన్నకో చూపించండి. దిద్దని స్కాన్‌ను టిఫ్ ఫైలుగా (నాణ్యత తగ్గకుండా దాచే ఫోటో ఫైలు) పెన్‌డ్రైవ్‌లో తప్పక తీసుకోండి. లామినేషన్ వద్దు, లోపల తేమ చిక్కితే మచ్చలు పడతాయి.