ఎడమకు వాలితే ఆరిపోయే హీటర్
మా 31 అడుగుల తెరచాప పడవలో ఈ డీజిల్ హీటర్ పెట్టించి మూడేళ్లయింది. ఎన్ని కిలోవాట్లు, గొట్టం ఎంత లావు లాంటివి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. మొదటి ఏడాది దీన్ని నోరారా పొగిడాను. ఆ పొగడ్తంతా లంగరు వేసుకుని కూర్చున్నప్పటిది.

ఫారో దీవుల నుంచి పడమరగా ఐస్‌లాండ్‌లోని రేక్యావిక్‌కు బయల్దేరిన రెండో రాత్రి. ఉత్తరపు గాలికి పడవ ఎడమకు బాగా వాలి పోతోంది. వాచ్ (పైన కాపలా వంతు) అయ్యాక గ్లవ్స్ తీస్తే వేళ్లు ముడుచుకోవట్లేదు. క్యాబిన్‌లోకి దిగేసరికి ఫ్యూయల్ పంపు చప్పుడు మారిపోయి ఉంది. మామూలుగా టిక్ టిక్‌మని మెత్తగా కొట్టుకునేది, ఆ రాత్రి చెంచాతో డబ్బా మీద కొట్టినట్టు ఖంగుమంటోంది. కాసేపటికే మంట ఆరిపోయింది. మళ్లీ వెలిగించబోతే తెల్లపొగ వదిలి ఆగిపోయింది. మూడుసార్లు అలాగే చేసి, తనంతట తనే లాక్ అయిపోయింది. వెలిగించిన ప్రతిసారీ మంట అంటించే గ్లో ప్లగ్ బ్యాటరీని గట్టిగా లాగేస్తుంది. మబ్బుల వల్ల సోలార్ నుంచి వచ్చేదీ అంతంతమాత్రం. ఉన్న కాస్త కరెంటూ లైట్లకి, చుట్టుపక్కల ఓడలకు మా ఉనికి తెలిపే ఏఐఎస్‌కి ఉంచుకుని హీటర్ మీద ఆశ వదిలేశాం.

ట్యాంకులో సగానికి పైగా డీజిల్ ఉంది! అదీ నా కడుపుమంట. రేవు చేరాక విప్పి చూస్తే సంగతి తెలిసింది. హీటర్ ట్యాంకంతా తాగేసి ఇంజిన్‌కు లేకుండా చేయకూడదని, డీజిల్ లాగే గొట్టాన్ని కావాలనే పొట్టిగా పెడతారు. సబబే. కానీ మాకు బిగించినతను దాన్ని ట్యాంకుకు కుడి అంచున దించాడు. పడవ ఎడమకు వాలితే డీజిల్ అటు పోతుంది, గొట్టం గాలి పీలుస్తుంది. కుడికి వాలితే ఏ ఇబ్బందీ లేదు. "అంటే వెచ్చగా ఉండాలంటే వెనక్కి తిరిగి పోవాలన్నమాట" అన్నాడు మా ఆయన.

మిగతా రెండు రాత్రులూ స్లీపింగ్ బ్యాగులో వేడినీళ్ల సీసాతో గడిచాయి. గ్యాస్ స్టవ్ వెలిగిస్తే కాస్త వెచ్చబడేది గానీ, దాని ఆవిరి బయటికి పోక హ్యాచ్ (పైకప్పు తలుపు) అంచున బొట్లుగా పేరుకుని సరిగ్గా నా ముక్కు మీదే పడేది. హీటర్ పొగ, ఆవిరి రెండూ గొట్టం గుండా బయటికే పోతాయి. అది ఇచ్చేది వేడి కన్నా పొడిదనం అని అప్పుడే తెలిసొచ్చింది. అది నడిచినన్నాళ్లూ తడి సాక్సులు మరుసటి వాచ్ నాటికి ఆరిపోయేవి.

ఇప్పుడు దానికి విడిగా చిన్న ట్యాంకు, నడిమధ్యలో గొట్టం పెట్టించాం. పోయిన వేసవిలో ఒక్కసారీ ఆరలేదు. అయితే మాకు అంత గాలీ తగల్లేదు. మళ్లీ కొంటానా అంటే, మా ఇరుకు క్యాబిన్‌లో నిలువు పొగగొట్టానికి చోటు లేదు కాబట్టి కొంటాను. చోటుండి ఉంటే, కరెంటు అక్కర్లేకుండా చుక్కచుక్కగా డీజిల్ పడుతూ మండే స్టవ్ ముందు చూసేదాన్ని. వాలినప్పుడు దాని తంటాలు దానికీ ఉంటాయట, నేనైతే వాడలేదు.